జపాన్‌లో ఇంటర్న్‌షిప్: ఎన్5 జపనీస్‌తో ఆఫీసులో నెట్టుకురావడం ఎలా?

ప్రశ్న
జేఎల్‌పీటీ (జపనీస్ భాషా పరీక్ష)లో అన్నిటికన్నా కింది స్థాయి, ఎన్5, పాసయ్యాను. వచ్చే నెల నాగోయా దగ్గర విడిభాగాల కంపెనీలో ఇంటర్న్‌షిప్. మెంటర్‌కి కాస్త ఇంగ్లిష్ వచ్చట, మిగతావాళ్లకు రాదు. ఈలోగా గ్రామర్ చదవాలా, ఆఫీసు మాటలు బట్టీ పట్టాలా?

జవాబు 1
గ్రామర్ పక్కన పెట్టండి. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు, అందుకే పాసైనవాళ్లకీ నోరు తిరగదు. ఆఫీసు మాటలే పట్టండి: పొద్దున "ఒహాయో గొజాయిమాస్" (శుభోదయం), తర్వాత ఎవరెదురైనా "ఒత్సుకరెసమ దెస్" (శ్రమపడ్డారండీ అన్నట్టు), అందరికన్నా ముందు ఇంటికెళ్తుంటే "ఒసకిని షిత్సురేయ్ షిమాస్" (ముందుగా వెళ్తున్నాను, ఏమనుకోకండి). "గొకురోసమ" (ఇదీ శ్రమపడ్డారనే) మాత్రం పైవాళ్లు కిందివాళ్లతో అనేది, మీరు అనకండి.

అసలు చిక్కు "హాయ్" (జపనీస్‌లో "అవును")తోనే. వాళ్లు చెబుతుండగా అంటే వింటున్నామని. చివర్న అంటే అర్థమైందనుకుని వెళ్లిపోతారు. అందుకే వస్తువు, లెక్క, టైము తిరిగి అప్పజెప్పండి: "కొనో బుహిన్ ఒ జుక్కొ, సాన్‌జి మదెని దెస్ నె" (ఈ విడిభాగం పది, మూడింటిలోపు, అంతే కదండీ). "మో ఇచిదొ" (ఇంకోసారి) అంటే అదే వాక్యం అదే స్పీడులో మళ్లీ వస్తుంది. తెలియని ముక్కే అడగండి: "నాన్‌జి దెస్ క" (ఎన్నింటికి?), "దొరె దెస్ క" (ఏది?). అదీ కుదరకపోతే నోట్‌బుక్ చాపి "కొకొ ని కయితె ఇతదకెమసెన్ క" (ఇక్కడ రాసిస్తారా).

జవాబు 2
గడువుల దగ్గర జాగ్రత్త. "మదె" అంటే మన "వరకు", "మదెని" అంటే "లోపు". ఒక్క "ని" వినబడకపోతే శుక్రవారంలోగా ఇవ్వాల్సిన పని శుక్రవారం దాకా సాగుతుంది.

4వ తేదీ "యొక్క" (మన "యొక్క"లాగే పలకాలి), 8వ తేదీ "యోక". ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే దీర్ఘాలు పోతాయి, తెలుగులో రాసుకోండి. "ఇచి" (ఒకటి), "షిచి" (ఏడు) వినడానికి కలిసిపోతాయి కాబట్టి ఏడును "నన" అనండి. పెద్ద అంకెలకు కుడి నుంచి నాలుగేసి అంకెలు విడదీయాలి: లక్ష "జూమాన్", కోటి "ఇస్సెన్‌మాన్".

జవాబు 3
కేయ్‌గొ (అతి మర్యాద భాష) జోలికి పోకండి, వాక్యం చివర "దెస్", "మాస్" వచ్చే మామూలు మర్యాద చాలు. అర్థమైందని చెప్పడానికి పైవాళ్లతో "ర్యోకాయ్" బదులు "వకరిమషిత" అనండి. మీ పేరుకు మీరే "సాన్" (మన "గారు") తగిలించుకోవద్దు. అక్కడ ఇంటిపేరుతోనే పిలుస్తారు. మన ఇంటిపేర్లు వాళ్లకు నోరు తిరగవు, కటకానాలో (విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి) ఎలా రాయాలో మీరే తేల్చి ముందుగా పంపండి. బ్యాడ్జి మీద పడ్డాక మార్పించడం తలనొప్పి.

ప్రశ్నించినవారు
పని త్వరగా అయిపోతే? ఆలస్యమైతే?

జవాబు 1
అయిపోతే ఖాళీగా కూర్చోకండి: "ఒవరిమషిత. త్సుగి వ నాని ఒ షిమషో క" (అయిపోయింది. తర్వాత ఏం చేయమంటారు). ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటకముందే "ఒకురెసో దెస్" (ఆలస్యమయ్యేలా ఉంది) అని, ఎన్నింటికి ఇస్తారో కూడా చెప్పండి.