బడి గేటు ముందు ఐదు రూపాయల ప్యాకెట్: ఆపాలా, వదిలేయాలా?

అంబాజీపేట అమ్మ

మా అబ్బాయి ఆరో తరగతి, ప్రైవేట్ స్కూల్. పోయిన శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో హెడ్మిస్ట్రెస్ గారు ఒక మాట చెప్పారు. ఇకనుంచి చిప్స్, ప్యాకెట్ నూడుల్స్, కూల్ డ్రింకులు బాక్సులో పెట్టి పంపకూడదట, క్యాంటీన్‌లో కూడా అమ్మరట. కొందరు చప్పట్లు కొట్టారు. ఒకాయన మాత్రం "మా పిల్లాడు ఏం తినాలో మీరెవరండీ చెప్పడానికి" అని లేచి వెళ్ళిపోయారు. ఇంకో మీటింగ్ పెడతామన్నారు. ఈలోగా మీరేమంటారో వినాలని ఇక్కడ రాస్తున్నాను.

నేనైతే ఆపాలనే అంటాను. ఆదివారం ఉతుకుదామని మావాడి బ్యాగు దులిపితే అడుగునుంచి పదకొండు ఖాళీ కవర్లు రాలాయి. ఒక్కోదాన్నీ చిన్నగా మడిచి జామెట్రీ బాక్సు కింద కుక్కాడు. అన్నీ ఐదు రూపాయలవే. ఆ వారమంతా క్యారేజీలో పెరుగన్నం సగానికి సగం తిరిగొచ్చింది. ఎండకి ఆకలి చచ్చిందేమో అనుకున్నాను.

రూల్ కొత్తదేమీ కాదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని స్కూల్లోగానీ, గేటునుంచి 50 మీటర్ల లోపుగానీ పిల్లలకి అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకటనలు కూడా ఆ దూరంలో ఉండకూడదు. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చాయి. మా స్కూల్ గేటు దగ్గర నిలబడి అడుగులు వేసి చూశాను. ఎదురు కొట్టుకి పద్దెనిమిది అడుగులే. ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతున్నాయి.

గేటు ఎదురు కొట్టు

అమ్మా, మీరు కొలిచింది నా కొట్టు కాదు గానీ, నాదీ అలాంటిదే. హైస్కూల్ ఎదురుగా పద్నాలుగేళ్ళుగా నడుపుకుంటున్నాను.

మొదట్లో నా దగ్గర సీసాల్లో జీళ్ళు, నిమ్మతొనలు, చెగోడీలు ఉండేవి. జామకాయలు నాలుగు చెక్కలు చేసి ఉప్పుకారం చల్లి ఇచ్చేదాన్ని. ఆ రోజుల్లో జామకాయ అమ్ముడుపోకపోతే సాయంత్రానికి మెత్తబడి నా నెత్తిమీదే పడేది. ప్యాకెట్‌కి ఆ బాధ లేదు. వారానికోసారి ఆటో వస్తుంది, వాళ్ళే తగిలించి పోతారు. నెలైనా పాడవదు.

50 మీటర్లంటే నేను కొట్టు ఎత్తుకుని చేలో పెట్టుకోవాలి. పెట్టానే అనుకోండి, పిల్లలు సందు తిరిగి ఇంకో చోట కొంటారు. పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టి "ఏదైనా కొనుక్కోరా" అని పంపేది ఇంట్లోవాళ్ళే కదండీ. నా కొట్టు మూయించే ముందు ఆ పది రూపాయల గురించి కూడా మాట్లాడండి.

లెక్కల మాస్టారు

ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను. కొట్టు నడిపే అమ్మగారు చెప్పింది నిజం. అయినా నేను ఆపాలనే పక్షమే.

పోయినేడు తొమ్మిదో తరగతికి నిష్పత్తులు చెబుతూ ఖాళీ కవర్లు, సీసాలు ఏరుకు రమ్మన్నాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక మీద లెక్కలు చేయించాను. ఆలుగడ్డ చిప్స్‌లో 100 గ్రాములకి కొవ్వు 35 గ్రాముల దాకా ఉంది, అంటే మూడోవంతు పైనే. తర్వాత 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ సీసా తీసుకున్నాం. 100 మిల్లీలీటర్లకి పదిన్నర గ్రాముల చక్కెర చొప్పున సీసాకి 26 గ్రాములు తేలింది. ఒక పిల్ల వంటగదికి పరుగెత్తి చక్కెర తెచ్చింది. ఐదు చెంచాలు, పైన ఇంకొంచెం, గాజు గ్లాసులో పోసి బల్లమీద పెట్టింది. వెనక బెంచీ కుర్రాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. రోజంతా తినే కేలరీల్లో ఇలా కలిపిన చక్కెర వాటా పది శాతానికి మించకూడదని, ఐదు శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 1800 కేలరీలు తినే పిల్లాడికి ఆ ఐదు శాతం 22 గ్రాముల చిల్లర. ఒక్క సీసాతోనే దాటిపోయాం. ఇలాంటి లెక్కలు పిల్లలకి కనబడేలా షుగర్ బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025లో తన స్కూళ్ళకి చెప్పింది. మన బళ్ళలోనూ పెట్టొచ్చు, సుద్దముక్క చాలు.

అయితే నన్ను పట్టి పీడించేది వేరే సంగతి. మా పిల్లలు మధ్యాహ్నం బడిలోనే తింటారు. అన్నం, గుడ్డు, కొన్ని రోజులు చిక్కీ, రాగి జావ. తిండికి వంక పెట్టను. కానీ భోజనం ఒంటిగంటలోపే అయిపోతుంది. పదో తరగతికి స్టడీ అవర్ అయ్యేసరికి అయిదున్నర. అక్కడినుంచి సైకిలు తొక్కుకుంటూ లంక గ్రామానికి చేరేసరికి చీకటి పడుతుంది. మూడున్నర ఇంటర్వెల్లో వాడు గేటు దూకి కొట్టుకెళ్ళేది ఆకలేసి. అప్పుడు నేను గేటు మూసి తాళం వేస్తే వాడి కడుపు నిండుతుందా?

మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఇల్లాలు. వేళ కాని వేళ తలుపు తట్టినా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరు బోర్డు మీద ఉన్న బడిలో సాయంత్రం మూడున్నరకి పిల్లాడికి పెట్టడానికి ఏమీ లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. రావులపాలెంలో గెలలు లారీలకెత్తుతాం. మన పిల్లలకి ఒక అరటిపండు, గుప్పెడు గుగ్గిళ్ళు ఇవ్వలేమా?

పాలకొల్లు నుంచి

నాకు ఈ నియమాలంటే భయం, ఎందుకో చెబుతాను. మా అమ్మాయి స్కూల్లో ఇలాంటి రూల్ పెట్టిన మూడోరోజు, టీచర్ క్లాసులో అందరి బాక్సులూ తెరిపించారు. మా అత్తగారు అల్లం ముక్కలు వేసి చేసిన గారెలు రెండు ఉన్నాయి. నూనె వస్తువని బాక్సు మూసి పక్కన పెట్టారు. పిల్ల ఆ రోజు ఏమీ తినలేదు. ఇంటికొచ్చి "మామ్మ చేసింది చెడ్డదా?" అని అడిగింది.

నూనెలో వేగింది నూనెలో వేగిందే, ఒప్పుకుంటాను. మా ఇంట్లో ముగ్గురికి షుగర్ ఉంది. తాపేశ్వరం కాజా అయినా, ఆత్రేయపురం పూతరేకు అయినా తీపి తీపే. కానీ చుట్టాలొచ్చినప్పుడు తినే కాజానీ, రోజూ ఇంటర్వెల్లో తినే ప్యాకెట్‌నీ ఒకే గాటన కట్టకండి. క్యాంటీన్‌లో అమ్మడం మానేయండి, సంతోషం. పిల్లల బాక్సుల్లో మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఏదైనా ఉంటే తల్లికి ఫోన్ చేసి చెప్పండి.

గేటు ఎదురు కొట్టు

మాస్టారూ, గుగ్గిళ్ళ మాట బాగుంది. శనగలు నానబెట్టి ఉడకబెట్టి, పొట్లం ఐదు రూపాయలకి నేనివ్వగలను. వేరుశనక్కాయలూ ఉడకబెడతాను. మిగిలిపోతేనే నాకు దెబ్బ. రోజుకి ముప్పై పొట్లాలు స్టడీ అవర్ పిల్లలకి స్కూలే తీసుకుంటుందని మాటిస్తే, మర్నాడే ఆ దండలు దించేస్తాను.

అంబాజీపేట అమ్మ

అందరి మాటలూ మావారికి కూడా చదివి వినిపించాను. మీటింగ్‌కి మూడు విషయాలు రాసుకున్నాను. క్యాంటీన్‌లో ప్యాకెట్లు, కూల్ డ్రింకులు ఆపాలి. అందరి ముందు బాక్సులు తెరిపించకూడదు. సాయంత్రం ఆకలికి ఏం పెడతారో స్కూలు చెప్పాలి, ఖర్చుకి నెలకింతని మేమూ వేసుకుంటాం. ఎదురు కొట్టావిణ్ణి కూడా మీటింగ్‌కి పిలవమని అడుగుతాను. గుగ్గిళ్ళ బేరం ఆవిడతోనే కుదుర్చుకోవాలి.

నిన్న రాత్రి మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, ఆ కవర్లు ఎందుకు దాచావురా అని. తిడతాననుకున్నాడేమో, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతోందమ్మా. చెబితే నువ్వు బాధపడతావని."

పొద్దున్న ఆరింటికి కలిపి మూత పెడుతున్నాను, ఈ ఎండల్లో పులవకుండా ఎలా ఉంటుంది? మా అమ్మ చేసినట్టు ఇవాళ అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, తోడుకి అర చెంచా పెరుగు వేసి పంపాను. తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. బాక్సు ఖాళీగా వచ్చింది.