ఉద్యోగం మానేసి ఏడాది పారిస్‌లో ఉండి నవల రాసుకోవచ్చా?

చిక్కడపల్లి_గది:
వయసు 28. పగలు మాదాపూర్‌లో ఉద్యోగం, రాత్రి కథలు. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ తన పారిస్ రోజుల గురించి రాసిన పుస్తకం దొరికింది. తెల్లారేదాకా చదివాను. చేతిలో ఆరు లక్షలున్నాయి. ఓ చిన్న గది తీసుకుని, హోటల్లో గిన్నెలు కడుక్కుంటూ రాద్దామని ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్. అక్కడ ఉండొచ్చినవాళ్లు చెప్పండి.

మలక్‌పేట_అన్న:
తమ్ముడూ, నేను చదువుకోవడానికి వెళ్లి రెండేళ్లున్నాను. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటలే పని చేయనిస్తారు. విజిటర్ వీసా మీద అసలు చేయకూడదు. గిన్నెల పని అక్కడే ఆగిపోతుంది. అద్దె నాకు నెలకు 600 యూరోలు. నీ ఆరు లక్షలు దానికే చాలవు.

నా గది ఆరో అంతస్తులో, జింకు రేకుల కప్పు కింద. లిఫ్ట్ లేదు. అద్దెకిచ్చే గది కనీసం 9 చదరపు మీటర్లుండాలని రూలు, నాది సరిగ్గా అంతే. మంచం మీద కూర్చుంటే ఒక చేతికి స్టవ్, ఇంకో చేతికి కిటికీ. రాత్రి పన్నెండింటికి రెస్టారెంట్ నుంచి వచ్చేసరికి వేళ్లు నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఆ చలికాలం మొత్తం రాసింది పదకొండు పేజీలు.

ఆర్వెల్ 1928లో వెళ్లాడు. చాలాకాలం రాసుకుంటూనే గడిపాడు, గిన్నెలు కడిగింది చివర్లో కొన్ని వారాలే. మధ్యలో జబ్బుచేసి కొషాన్ ఆస్పత్రిలో పడ్డాడు. తల్లి తోబుట్టువు అదే ఊళ్లో ఉండేది. 1929 చివర ఇంటికి తిరిగొచ్చాడు, పుస్తకం 1933లో వచ్చింది. ఆకలి రాయించదు తమ్ముడూ, నిద్రపుచ్చుతుంది. నా కథలన్నీ ఇక్కడికొచ్చాక పొద్దున్నే ఐదింటికి లేచి రాసినవే.

బోయిన్‌పల్లి_అక్క:
అన్న చెప్పిన లెక్కలు నిజమే. అయినా కోరిక చంపుకోకు. లీవు పెట్టి, టూరిస్ట్ వీసా మీద రెండు నెలలైనా వెళ్లిరా. తెలుగు వినపడని ఊళ్లో ఉన్నప్పుడే మా అమ్మ "తిన్నవా బిడ్డా" అనే తీరు నాకు చెవిలో స్పష్టంగా వినపడింది. నా మొదటి కథ ఆ మాటతోనే మొదలైంది.

చిక్కడపల్లి_గది:
అక్కా, లీవు సంగతి రేపే అడుగుతాను. అన్నా, ఆ పదకొండు పేజీలు ఇంకా ఉన్నాయా?

మలక్‌పేట_అన్న:
ఉన్నాయి. ఆదివారం అబిడ్స్‌కి వస్తే తెస్తాను.