ఉగాదికి బాలి వెళ్తున్నాం, ఆ రోజు అంతా బంద్ అంటున్నారు, నిజమేనా?

కూకట్‌పల్లి కుర్రాడు
అందరికీ నమస్తే. 2026 మార్చి 17 నుంచి 22 దాకా బాలి. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఏజెంటు ఇచ్చిన షెడ్యూల్‌లో 19న పక్కనున్న నుసా పెనిడా దీవికి బోటు ట్రిప్ ఉంది. ఆ రోజు బాలి మొత్తం బంద్ అని నిన్న ఆఫీసులో ఎవరో చెప్పారు. ఏజెంటును అడిగితే "టూరిస్టులకు వర్తించదు సార్" అంటున్నాడు. పైగా ఆ రోజే మన ఉగాది. పండగ పూట హోటల్ గదిలో కూర్చోవడానికా ఇంత ఖర్చు అని అమ్మ అప్పుడే మొదలుపెట్టింది. టికెట్లు మార్చుకోవాలా?

మల్కాజిగిరి టీచరమ్మ
బాబూ, టూరిస్టులకూ వర్తిస్తుంది. దాన్ని న్యేపి అంటారు, బాలి వాళ్ల కొత్త సంవత్సరం. ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా విమానాశ్రయమే మూసేస్తారు, ఇంక బోటెక్కడిది? దీపం వెలిగించకూడదు, పని చేయకూడదు, గేటు దాటకూడదు, వినోదాలు ఉండవు. అయినా టికెట్లు మార్చకు. చెప్తా విను.

2023లో మాకూ ఇలాగే తగిలింది. ఆ ఏడు ఉగాది, న్యేపి రెండూ మార్చి 22నే. అక్కడ ఉబుద్ అనే ఊళ్లో ఒక కుటుంబం ఇంట్లోనే అద్దె గది తీసుకున్నాం. వాళ్ల గోడ క్యాలెండర్ మీద 1945 అని ఉంటే మావారు పాతదేమో అనుకున్నారు. మన పంచాంగం ఫోన్‌లో చూస్తే అందులోనూ శాలివాహన శకం 1945! వాళ్లదీ శక సంవత్సరమే మరి. ప్రతి ఏడూ కలవదనుకో, 2024లో వాళ్లకు దాదాపు నెల ముందే వచ్చేసింది.

ముందురోజు సాయంత్రం మాత్రం గదిలో కూర్చోకండి. ఒగో-ఒగో అని వెదురు బద్దలతో కట్టిన రాక్షసి బొమ్మల్ని మోసుకొస్తారు. కోరలు, వేలాడే నాలుక, గుడ్లు ఉరిమి చూస్తుంటాయి. నాలుగు రోడ్ల కూడలిలో ఆపి గిరగిరా తిప్పుతారు. మోసే కుర్రాళ్లు అచ్చం మన గల్లీ వినాయకుడి బ్యాచే. ఒకే రంగు చొక్కాలు, అవే అరుపులు, కరెంటు తీగ అడ్డొస్తే పొడుగాటి కర్రతో పైకెత్తి పట్టుకోవడానికి ఒకడు. నేను ఆ కర్ర కుర్రాడినే చూస్తూ నిలబడిపోయాను, మా తమ్ముడు ముప్పై ఏళ్ల క్రితం చేసిన ఉద్యోగం అదే.

తెల్లారితే చప్పుడు లేదు. ఎంత లేదంటే, పక్కింట్లో కొబ్బరి మట్ట రాలితే మావారు ఉలిక్కిపడ్డారు. ముందురోజు గోల విని వచ్చిన భూతాలు దీవిలో ఎవరూ లేరనుకుని వెళ్లిపోవాలట, అందుకే ఈ నిశ్శబ్దం. పొయ్యి వెలగదు కాబట్టి ఇంటివాళ్లు అన్నం ముందురోజే వండి పెట్టుకున్నారు. నాకేమో పండగ. అప్పుడు తట్టింది: ఉగాది పచ్చడికి పొయ్యి ఎందుకు? వేపపువ్వు ఇంటి నుంచే పౌడరు డబ్బాలో పోసుకుని వెళ్లాను. చింతపండు, పచ్చిమామిడి ముందురోజు సంతలో కొన్నవి. బెల్లానికి బదులు వాళ్ల తాటిబెల్లంలాంటి గులా మేరా, కాస్త పొగ వాసన ఉంటుంది. గిన్నె చప్పుడు కాకుండా చేత్తోనే పిసికాను. ఇంటావిడకు ఒక చెంచా ఇచ్చాను. చేదు తగలగానే ఆవిడ మొహం చూడాలి! మింగింది, దణ్ణం పెట్టింది, రెండో చెంచా మాత్రం పుచ్చుకోలేదు.

రాత్రి వీధి దీపాలు కూడా లేవు. పెచాలంగ్ అని గళ్ల పంచెలు కట్టుకున్న ఊరి కాపలావాళ్లు, వాళ్ల టార్చి, అంతే. చుక్కలు అన్ని చూసి మావారు "ఇవన్నీ మల్కాజిగిరిలోనూ ఉంటాయంటావా" అని గుసగుసగా అడిగారు.

బోయిన్‌పల్లి బుల్లెట్
అక్క చెప్పింది కరెక్టే అన్నా. పైసల ముచ్చట నేను చెప్త. ఎయిర్‌పోర్టుల వీసాకు 5 లక్షల రూపయ్య, టూరిస్టు పన్ను ఇంకో లక్షన్నర, మనిషికి. లక్షలు చూసి పరేషాన్ గాకు, వాళ్ల కరెన్సీ అట్లుంటది. 18 నాడే బిస్కెట్లు, పండ్లు తెచ్చుకో. న్యేపి నాడు మొబైల్ డేటా బంద్ చేస్తరు, ఆఫీసోళ్లకు ముందే చెప్పు. పెనిడాను 21కి జరుపుమను ఆ ఏజెంటును. ఇంకోటి, పెనిడాల కెలింగ్‌కింగ్ కొండ మెట్లు అమ్మానాన్నలతోని దిగకు, ఖతర్నాక్ నిలువుంటది. పైకెల్లి చూస్తే చాలు.

వేపపువ్వు తీస్కపోతే కస్టమ్స్ ఫారంల మొక్కల సామాను గురించి అడుగుతరు. ఉన్నది ఉన్నట్టు రాయి.

కూకట్‌పల్లి కుర్రాడు
చాలా థ్యాంక్స్ టీచర్ గారూ, బుల్లెట్ అన్నా. నాన్నది వ్యవసాయం, గుళ్లకంటే పొలాలు చూపించమంటున్నారు. అమ్మకేమో గుళ్లే కావాలి.

మల్కాజిగిరి టీచరమ్మ
నాన్నగారిని జతిలువిహ్ తీసుకెళ్లు. కొండవాలంతా మెట్లు మెట్లుగా వరి మళ్లే. అక్కడ నీళ్లు పంచుకునే పద్ధతిని సుబక్ అంటారు, 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన చెరువు కింద నీరటి మడులకు నీళ్లు వదిలేవాడు చూడు, అలాంటి పనే. కాకపోతే ఎవరి వంతు ఎప్పుడో రైతులు నీటి గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. మీ నాన్నగారు అక్కణ్ణుంచి కదలరు, ముందే చెప్తున్నా.

అమ్మకు రెండు మాటలు. గుళ్లోకి వెళ్లాలంటే చీర ఉన్నా నడుముకు పట్టీ కట్టమంటారు. గడపల ముందు, మెట్ల మీద, స్కూటీ సీటు మీద కూడా చిన్న ఆకు దొన్నెలో పూలు, అగరొత్తి కనిపిస్తాయి. చానాంగ్ సారి అంటారు. మన ముగ్గు తొక్కకుండా నడిచినట్టు నడవాలి. మా ఇంటావిడ దాంట్లో ఒక క్రీము బిస్కెట్ కూడా పెట్టేది.

పేర్లతో తికమక పడకండి. పెద్దబిడ్డ వయాన్, తర్వాత మడే, న్యోమన్, కెతుత్, ఐదోవాళ్లు పుడితే మళ్లీ వయాన్. మా వీధిలో "వయాన్" అని పిలిస్తే డ్రైవరు, టీ కొట్టాయన, ఒక పిల్లాడు ముగ్గురూ తిరిగారు.

కూకట్‌పల్లి కుర్రాడు
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. "పొయ్యి లేకపోతే బొబ్బట్లెలా" అని ఇంకో ప్రశ్న వేసింది. దానికి జవాబు నేనే వెతుక్కుంటా. ఒక్క డౌటు, చింతపండును అక్కడ ఏమని అడగాలి?

మల్కాజిగిరి టీచరమ్మ
ఆసమ్ జావా. బొబ్బట్లు ఇంటి దగ్గరే చేసి పట్టుకెళ్లమను, రెండు రోజులు ఉంటాయి.