అప్‌డేట్: సైన్స్ దినోత్సవానికి ఊరివాళ్లు వచ్చారు

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి తల్లిదండ్రులను ఎలా రప్పించాలని అడిగాను కదా. మాది ఖమ్మం వైపు ఊరు, అది మిరపకోతల కాలం, పగలు ఇళ్లన్నీ ఖాళీ. కోతల నుంచి తిరిగొచ్చాక సాయంత్రం పెట్టమని, ఉపన్యాసాలు తగ్గించమని మీలో చాలామంది చెప్పారు. అలాగే చేశాం.

పిల్లలు చేత్తో ఆహ్వానాలు రాసి ఇంటింటికీ ఇచ్చారు. ముందురోజు డప్పు చాటింపు కూడా వేయించాం. వేదిక తీసేసి గదుల్లోనే ప్రయోగాలు పెట్టాం.

అన్నిటికన్నా ఎక్కువ మంది నిలబడింది మైక్రోస్కోప్ దగ్గర! తొమ్మిదో తరగతి పిల్లలు మిరప పూలు తెచ్చి, అందులోని నల్ల తామర పురుగును చూపించారు. 2021 నుంచి మా రైతుల్ని ఏడిపిస్తున్న పురుగు అది. దాన్ని అంత పెద్దగా చూసి "అన్నా, నువ్వూ చూడు" అని ఒకరినొకరు పిలుచుకున్నారు. ఏ మందు ఎప్పుడు కొట్టాలన్న చర్చ అక్కడే మొదలైంది, పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఒక పెద్దమ్మ విత్తనాలకు బూడిద కలిపి ఎలా దాచాలో చేసి చూపించింది.

కోతలకు వేరే ఊళ్ల నుంచి వచ్చి చేలల్లోనే ఉంటున్న కుటుంబాలను కూడా పిలిచాం. కొందరే వచ్చారు. వచ్చే ఏడాది వాళ్ల దగ్గరికి పిల్లలతో పాటు నేనూ వెళ్తాను. తల్లిదండ్రుల కమిటీ సమావేశాలు కూడా ఇక సాయంత్రాలే.

సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.