జీనియా అల్లుకున్న రాయి: ఉన్నచోటే చంపాలా, బయటికి తీసేయాలా?

ఉప్పునీరు:
పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో జీనియా గానీ గ్రీన్ స్టార్ పాలిప్స్ గానీ (రెండూ వేగంగా పాకే మెత్తని పగడాలే) ట్యాంకంతా అల్లుకుపోతున్నాయని ఎవరు అడిగినా ఈ ఫోరంలో ఒకటే జవాబు వస్తోంది: కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్) పేస్టు పూసెయ్యండి, చచ్చిపోతాయి అని. ఈ సలహాతో నాకు పేచీ ఉంది. పైకి కనిపించే పాలిప్, అంటే ఒక్కో చిన్న పగడపు జీవి, చస్తుంది, నిజమే. రాయి సందులో పట్టుకున్న మొదలు చావదు. జీనియా కాడను కత్తెరతో కోసి చూడండి. రాయి మీద గోరంత కండ మిగిలినా చాలు, అక్కడ మళ్ళీ బుడిపె లేస్తుంది. దాని కొసన చిన్న చిన్న చేతులు మొలిచి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. కోసిన ముక్క ఊరుకుంటుందా? నీటి వాలున కొట్టుకుపోయి ఇంకో రాయికి అంటుకుంటుంది. పక్కనున్న ఆక్రోపొరా అనే గట్టి పగడం మొదలు మీదికి జీనియా పాకిందంటే ఆక్రోపొరాకి వెలుతురు అందదు, నీరు ఆడదు.

నా మాట ఒకటే. ఊడొచ్చే రాయైతే తీసేయండి. అల్లుకున్న భాగాన్ని ఉలితో పెచ్చుగా చెక్కేసి మిగతాది తిరిగి పెట్టుకోండి. జీనియా మీద ఇష్టం చావకపోతే దానికి విడిగా ఒక రాయి ఇచ్చి, మిగతా వాటికి తగలకుండా ఇసుక మధ్యలో ఒంటరిగా పెట్టండి.

కెరటం:
ఉప్పునీరు గారూ, మీరు చెప్పింది కొత్తగా పెట్టిన ట్యాంకుకి సరిపోతుంది. ఏళ్ళ తరబడి పెరిగిన ట్యాంకులో ఏ రాయి ఊడొస్తుంది చెప్పండి? అడుగు రాళ్ళు సిమెంటుతోనో ఎపాక్సీతోనో అతికి ఉంటాయి. వాటి మీద మోంటిపొరా అనే గట్టి పగడం పళ్ళేల్లా పరుచుకుని ఉంటుంది. ఒక్క రాయి కదిపితే పైనున్నదంతా కూలుతుంది. లోతైన ఇసుక కదిలితే అడుగున పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొస్తుంది, చేపలకి అది ప్రాణాంతకం. జీనియా పోవాలని ట్యాంకునే పోగొట్టుకుంటామా?

పేస్టు పనిచేయట్లేదనేవాళ్ళలో చాలామంది దాన్ని పూసే తీరే తప్పు. ముందు పంపులన్నీ ఆపాలి. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కొద్దిపాటి నీళ్ళతో టూత్‌పేస్టంత చిక్కగా కలిపి, మొండి సూది ఉన్న సిరంజితో పాలిప్ మొదట్లో పెట్టాలి, పైన కాదు. అది గట్టిపడి కూర్చునే దాకా పంపు వేయకూడదు. ఒక విడతకి నాలుగైదు పాలిప్‌లే. ఎందుకంటే ఆ పేస్టు పీహెచ్ పన్నెండు దాటుతుంది. ఆత్రపడి రాయంతా పూస్తే ట్యాంకు పీహెచ్ ఎగిరి, మీరు కాపాడాలనుకున్న పగడాలే ముందు దెబ్బతింటాయి.

డిస్కోసోమా మష్రూమ్‌లు (పుట్టగొడుగుల్లా ఉండే మెత్తని పగడాలు) ఎక్కువైతే వాటిని కోయనే కోయొద్దు, ముక్కకొక మష్రూమ్ మొలుస్తుంది. ఆ మష్రూమ్ నోట్లో పేస్టు పెట్టండి, లేదా సూపర్‌గ్లూ జెల్‌తో మొత్తం కప్పేయండి.

లోతునీలం:
ఇద్దరూ చంపడం గురించే మాట్లాడుతున్నారు. అది అంతగా ఎందుకు పెరుగుతోందో ఎవరూ అడగట్లేదు. పసిఫిక్‌లో పాల్మైరా అనే దీవి ఉంది. 1991లో అక్కడొక చేపల పడవ మునిగింది. తర్వాత ఆ శిథిలం చుట్టూ రోడాక్టిస్ హోవెసీ అనే మష్రూమ్ జాతి అసలు పగడాల్ని కప్పేసి దిబ్బ మీదంతా పరుచుకుంది. పడవ నుంచి కరిగిన ఇనుమే దానికి బలమిచ్చిందని శాస్త్రజ్ఞులు అనుమానించారు. చివరికి శిథిలాన్నే తీసేయాల్సొచ్చింది. మన ట్యాంకుల్లోనూ అంతే. నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు ఎక్కువగా ఉన్నంత కాలం మీరు చెక్కినా పూసినా మెత్తని పగడాలు తిరిగొస్తాయి. చేపలకి వేసే తిండి తగ్గించండి, నీళ్ళలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్‌ని శుభ్రంగా పెట్టుకోండి, నీళ్ళు మార్చండి.

ఉప్పునీరు:
పాల్మైరా ఉదాహరణ మంచిదే. పరీక్ష చేయకుండా ట్యాంకులో ఇనుము పోసేవాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. కానీ తిండి మాడ్చి జీనియాని చంపుదామనుకుంటే మాత్రం కుదరదు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దింపితే ముందు రంగు వెలిసేది ఆక్రోపొరా. ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా రాళ్ళ మీదంతా పేరుకుంటాయి, వాటిని వదిలించుకోవడం జీనియా కన్నా కష్టం. పోషకాలు తగ్గిస్తే పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతవరకే.

కెరటం గారు అడుగు రాళ్ళ గురించి చెప్పింది మాత్రం కాదనలేను. అలాంటి చోట పేస్టే గతి. గ్రీన్ స్టార్ పాలిప్స్ అయితే ముందు చేత్తో ప్రయత్నించండి. వాటి అడుగున ఊదారంగు పొర ఒకటి రబ్బరులా ఉంటుంది. నునుపైన చోట అంచు కింద గోరు దూర్చి మెల్లగా లాగితే పొర పొరగా లేచొస్తుంది. గరుకు రాయి మీద చిరుగుతుంది, అక్కడ మిగిలిన దాని మీద సూపర్‌గ్లూ జెల్ వేయాలి.

కొత్తసభ్యుడు:
నా రాయి మీద ఉన్నవి పాలిథోవా అనే రకం పాలిప్‌లు అనుకుంటున్నాను, గోధుమరంగు బొత్తాల్లా ఉన్నాయి. రాయి బయటికి తీసి మరిగే నీళ్ళలో వేస్తే ఒక్కసారిగా పోతాయి కదా?

కెరటం:
దయచేసి ఆ పని చేయకండి! రాయి తీయాలా వద్దా అనేదాని మీద మేం ఎంతైనా వాదించుకుంటాం గానీ దీని మీద రెండో మాట లేదు. కొన్ని పాలిథోవాల్లో పాలిటాక్సిన్ ఉంటుంది. 1971లో హవాయిలో దాన్ని మొదట వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. కణాల్లో సోడియం పొటాషియం పంపుని చెడగొడుతుంది. వేడికి విరగదు. ఉడకబెడితే ఆవిరితో గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు నమోదై ఉన్నాయి. ట్యాంకు బయట బ్రష్షుతో రుద్దడం, ఒత్తిడితో నీళ్ళు కొట్టడం కూడా అంతే ప్రమాదం. కంట్లో పడితే కంటిపొర దెబ్బతింటుంది.

నీళ్ళలో ఉండగానే పని చేయండి. చేతికి గ్లవ్స్, కళ్ళకి మూసుకునే కళ్ళద్దాలు తప్పనిసరి. చేతి మీద గాయముంటే అసలు దిగొద్దు. రాయి పూర్తిగా వదిలేసుకోదలిస్తే తలుపులు, కిటికీలు తీసి ఉన్నచోట మూతున్న బకెట్‌లో పలచటి బ్లీచ్ ద్రావణంలో నానబెట్టండి. ట్యాంకులో నీటిని శుభ్రపరిచే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది పెట్టండి. పని తర్వాత జ్వరం, నోట్లో చేదు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే వెంటనే డాక్టరుకి ఈ విషం పేరు చెప్పండి. మామూలు జలుబనుకుని వదిలేసే అవకాశం ఉంది.

లోతునీలం:
ఇంకొకటి అందరూ గమనించాలి. తీసేసిన జీనియా, పాలిప్స్ ముక్కల్ని ఏం చేస్తున్నారు? వెనిజులా తీరంలో ఉనోమియా స్టొలొనిఫెరా అనే మెత్తని పగడం విపరీతంగా పరుచుకుంది. అది అక్కడిది కాదు, ఇండో పసిఫిక్‌ది. అక్వేరియం వ్యాపారం ద్వారానే చేరిందంటారు. అక్కడి పగడాలు, సముద్రపు గడ్డి దాని కింద పడిపోతున్నాయి. కాబట్టి ఊరికే బతికి ఉన్న ముక్కని సముద్రంలోనో, ఉప్పుటేరులోనో వదలకండి. జీనియా, స్టార్ పాలిప్స్ అయితే మంచినీళ్ళలో నానబెట్టి, పూర్తిగా ఎండబెట్టి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. పాలిథోవాని ఎండబెట్టొద్దు, కెరటం గారు చెప్పినట్టు బ్లీచ్‌లోనే వేయాలి.