ఇన్సులిన్ వాడే భర్తకి రాత్రి లో షుగర్: దగ్గరవ్వడం మానేయాలా?

గోదావరి_గట్టు: మా వారికి 46 ఏళ్లు. రాత్రి ఎనిమిదింటికి భోజనం ముందు 30/70 ఇన్సులిన్ 22 యూనిట్లు వేసుకుంటారు. కలిసిన రాత్రుల్లో రెండింటికల్లా చెమటలతో లేస్తున్నారు, మీటరులో 58, 62 వస్తోంది. ఆ భయంతో దూరంగా ఉంటున్నారు. అంగస్తంభన కూడా సరిగా లేదని మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుంటానంటున్నారు. ఏం చేయాలి?

షుగర్_నేస్తం: మానక్కర్లేదండి. 30/70లో నూటికి 70 వంతులు నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్. ఎనిమిదింటికి వేస్తే దాని జోరు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఉంటుంది. కలయిక కూడా వ్యాయామమే, ఆ తర్వాత కొన్ని గంటలపాటు కండరాలు గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. మీకు ఆ రెండూ ఒకే వేళకి పడుతున్నాయి.

కలయికకి ముందు మీటరులో ఒక స్ట్రిప్ పెట్టి చూడండి. 100 లోపుంటే చిన్న అరటిపండో, గ్లాసు పాలతో రెండు మేరీ బిస్కెట్లో తినాలి. 70 లోపుంటే అప్పటికి ఆగిపోయి, అర గ్లాసు నీళ్లలో మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. అప్పటికీ 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. దాటాక ఏదైనా తినిపించండి, లోపల ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. చాక్లెట్, కోవా వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకి మామూలు పంచదార కూడా నెమ్మదే, గ్లూకోజ్ పొడే కావాలి. డబ్బా, చెంచా, మీటరు మంచం పక్కనే పెట్టుకోండి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇదంతా ఆ పూటకే. 58 మళ్లీ మళ్లీ వస్తోందంటే డోసు మార్చాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారమే డాక్టరుకి చెప్పండి. సూది వేసిన టైము, తిన్నది, రీడింగు, ఆ రాత్రి కలిశారా లేదా అన్నీ రాసి చూపించండి. ఆ చివరిది సిగ్గుపడి దాచేస్తే డోసు లెక్క సరిగ్గా తేలదు.

సిరంజి_చూడండి: బుడ్డీ నుంచి తీసుకుంటున్నారా? మి.లీ.కి 40 యూనిట్లుండే బుడ్డీకి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండేదానికి నారింజ మూతది. 100 బుడ్డీలోంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది. పొట్ట మీద గడ్డలున్నాయేమో కూడా తడిమి చూడండి. గడ్డలో వేస్తున్న సూదిని మంచి చర్మంలోకి మారిస్తే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎక్కువగా పట్టి షుగర్ పడిపోతుంది. అందుకే చోటు మార్చే ముందు కూడా డోసు గురించి డాక్టరుని అడగాలి.

గుండె_మాట: మాత్ర సొంతంగా కొనవద్దు, దయచేసి. అంగస్తంభనకి వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ అయితే 48 గంటల్లో, గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర వేస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఛాతీలో నొప్పి వస్తే ఏ మాత్ర, ఎన్నింటికి వేసుకున్నారో 108 వాళ్లకి మొదటే చెప్పాలి, ఆ సంగతి మీకూ తెలిసుండాలి. షుగర్ ఉన్నవాళ్లలో అంగస్తంభన సమస్య గుండె రక్తనాళాల జబ్బుకి ముందస్తు గుర్తు కావచ్చు. ఈసీజీ, కొలెస్ట్రాల్, ఉదయంపూట టెస్టోస్టిరాన్ పరీక్షల గురించి అడగండి. బీపీ మందుల్లో కొన్ని కూడా దానికి కారణమవుతాయి.

గోదావరి_గట్టు: బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారండి. దానివల్ల లో షుగర్ తెలియకుండా పోతుందా?

షుగర్_నేస్తం: గుండెదడ, వణుకు కప్పబడిపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. చిక్కేమిటంటే కలయికలోనూ చెమట, దడ మామూలే, అందుకే ఇద్దరూ గుర్తుపట్టరు. మాట తడబడటం, ఉన్నట్టుండి చిరాకు, అడిగినదానికి పొంతనలేని జవాబు, చల్లటి చెమట కనిపిస్తే ఆపి స్ట్రిప్ పెట్టండి. ఆయన "బానే ఉన్నా" అన్నా సరే, లో షుగర్‌లో ఆ అంచనా కూడా తప్పుతుంది. ఆపమని చెప్పే హక్కు మీదేనని ముందే ఇద్దరూ అనుకోండి.