డూహన్ వాడిన బొటనవేలి బ్రేకు మామూలు బైక్‌కి పెట్టించుకోవచ్చా?

అందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం యాక్సిడెంట్‌లో నా కుడికాలి మడమ దగ్గర ఎముక విరిగింది. అతుక్కుంది గానీ పాదం కిందికి వంగదు, వెనక బ్రేకు తొక్కాలంటే కాలు మొత్తం ఎత్తి వేయాలి. స్కూటీ కొనుక్కోమని ఇంట్లో గోల. నాకేమో నా పల్సర్ వదలబుద్ధి కావట్లేదు.

ఈ మధ్య ఆస్ట్రేలియా బైక్ రేసర్ మిక్ డూహన్ గురించి చదివాను. 1992 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 65 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్‌లో పడి కుడికాలు పోగొట్టుకునేంత పని అయింది, రేసర్లకు వైద్యం చేసే డాక్టర్ కోస్టా రక్తప్రసరణ కోసం రెండు కాళ్లనూ కలిపి కుట్టేశాడట (ఆ ఫొటో చూసి అన్నం తినలేకపోయాను). నాలుగు రేసులు పోయినా మళ్లీ వచ్చాడు, టైటిల్ మాత్రం 4 పాయింట్ల తేడాతో అమెరికా రేసర్ వేన్ రెయినీకి పోయింది. మడమ సరిగా కదలకపోవడంతో ఎడమ హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే వెనక బ్రేకు పెట్టించుకుని 1994 నుంచి 1998 దాకా వరసగా అయిదుసార్లు 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు!

నా బండికి వెనక డిస్క్ బ్రేకే. ఎడమవైపు చిన్న మాస్టర్ సిలిండర్ (బ్రేకు ఆయిల్‌ని నెట్టే భాగం) పెట్టి పైపు వెనక్కి లాగితే సరిపోతుందా, కాలి పెడల్ కూడా ఉంచుకోవచ్చా? ఏబీఎస్‌తో (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఏమైనా తంటా వస్తుందా? ఆర్‌సీలో మార్పు రాయించాలంటే ఆర్టీవో ఆఫీసులో ఏం అడుగుతారు? హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఇలాంటి పని చేసే మెకానిక్ ఉంటే చెప్పండి. మా వీధి మెకానిక్‌ని అడిగితే నవ్వి, ముందు చైన్ బిగిద్దాం అన్నాడు.